పెళ్లికి పదిహేను వారాలే ఉంది, చర్మం వెనక్కి రావడం లేదు

గుంటూరు నుంచి ఒక పాఠకుడు రాశారు. పేరు వద్దన్నారు. వయసు 28. మిర్చి యార్డుకు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తారు. దసరా వెళ్లాక నిశ్చితార్థం అయింది, మాఘమాసంలో ముహూర్తం. చేతిలో ఉన్నది దాదాపు 15 వారాలు.

ఆయన బాధ ఇది. అంగం కొనను కప్పే చర్మం, అదే ముందోలు, వెనక్కి రావడం లేదు. మామూలుగా ఉన్నప్పుడు సగం దాకా వస్తుంది. గట్టిపడినప్పుడు అసలు కదలదు, లాగితే నొప్పి. అంచున సన్నని పగుళ్లు, వాటికి మూత్రం తగిలితే మంట. "మెడికల్ షాపులో అడిగితే దురద ట్యూబు ఇచ్చారు. రాసినన్నాళ్లు తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మామూలే. ఒక వీడియోలో కొబ్బరినూనె రాసి రోజూ బలంగా లాగమన్నారు. లాగితే రక్తం వచ్చింది. విజయవాడలో ఒక క్లినిక్‌కి వెళ్తే రెండు నిమిషాలు చూసి, ఈరోజే లేజర్ చేసేద్దాం, ఇవాళైతే రేటు తగ్గిస్తాం అన్నారు. భయమేసి వచ్చేశాను" అని రాశారు.

ఇంకా ఇలా అన్నారు: "నా స్నేహితుడు ఒకడు ముస్లిం. వాడికి మాత్రమే చెప్పాను. సున్తీ చేయించుకోరా, మా ఇళ్లలో పిల్లలు పది రోజుల్లో లేచి ఆడుకుంటారు అన్నాడు. కానీ మేం అలాంటివి చేయించుకునేవాళ్లం కాదు, మా ఇంట్లో తెలిస్తే ఏమంటారో. మా నాన్న షుగర్ మనిషి, ఇలాంటివి చెప్తే కంగారు పడతారు. కాలేజీ రోజుల్లో బాగానే వెనక్కి వచ్చేది, ఏడాదిన్నర నుంచే ఇలా అయింది. ఆపరేషన్ లేకుండా తగ్గుతుందా? పిల్లలు పుట్టడానికి ఇబ్బందా? ఆ అమ్మాయికి చెప్పాలా? పెళ్లి వాయిదా వేయమనాలా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నన్ను ఆపేసినవి రెండు మాటలు. ఒకటి, "కాలేజీ రోజుల్లో బాగానే వెనక్కి వచ్చేది." రెండోది, "మా నాన్న షుగర్ మనిషి." ఈ రెండింటినీ మీరు ఏదో మాటల్లో మాటగా రాసేశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనవి ఇవే. మీరు క్రీమా, ఆపరేషనా అని అడుగుతున్నారు. దానికంటే ముందు తేలాల్సిన ప్రశ్న, బాగా ఉన్న చర్మం ఏడాదిన్నరలో ఎందుకు బిగుసుకుపోయింది అన్నది.

చిన్నప్పటి నుంచీ వెనక్కి రాకపోవడం వేరు, మధ్యలో బిగుసుకోవడం వేరు. మగపిల్లలకు పుట్టినప్పుడు ఈ చర్మం లోపలి భాగానికి అతుక్కునే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దానంతట అదే విడివడుతుంది. డెన్మార్క్‌లో యాకబ్ ఓస్టర్ అనే వైద్యుడు బడిపిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించి 1968లో ఈ సంగతి ప్రచురించారు. 6, 7 ఏళ్ల పిల్లల్లో 8 శాతం మందికి బిగుతు కనిపిస్తే, 16, 17 ఏళ్లకు వచ్చేసరికి అది 1 శాతానికి పడిపోయింది. అందుకే, మీ సంగతి పక్కన పెట్టి ఇది చదువుతున్న తల్లులకు, అమ్మమ్మలకు ఒక మాట. నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు పసివాడి చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకండి. అలా లాగితే లోపల చిరిగి, ఆ గాయం మానేటప్పుడు మచ్చ కడుతుంది. లేని బిగుతును మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది.

ఇప్పుడు మీ విషయం. పెద్దయ్యాక కొత్తగా చర్మం బిగుసుకుంటే వైద్యులు మొదట అనుమానించేది షుగర్‌ను. రక్తంలో షుగర్ పెరిగితే మూత్రంలోకీ వస్తుంది. చర్మం కింద తడి ఉంటుంది, దానికి తీపి తోడైతే ఫంగస్‌కు అంతకంటే ఏం కావాలి? ఫంగస్ వస్తే దురద, ఎరుపు, పగుళ్లు. పగులు మానిన ప్రతిసారీ అక్కడ సన్నని మచ్చ కడుతుంది. మచ్చకు సాగే గుణం ఉండదు. బిగుసుకున్న చర్మం మళ్లీ తొందరగా పగులుతుంది. ఇలా ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి. కొంతమంది మగవాళ్లకు తమకు షుగర్ ఉందని మొట్టమొదట తెలిసేది ఈ పగుళ్ల కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడే. 28 ఏళ్లకే షుగరా అని మీరు అనుకోవచ్చు. తండ్రికి ఉన్నప్పుడు, కూర్చుని చేసే ఉద్యోగం అయినప్పుడు రాకూడదని ఏమీ లేదు. మీకు ఉందని నేను చెప్పడం లేదు, చూపించుకోమంటున్నాను. పరగడుపున చేసే పరీక్షలో 126 గానీ ఆపైన గానీ, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 గానీ ఆపైన గానీ వస్తే షుగర్ అంటారు, సాధారణంగా ఇంకోసారి చేసి ఖాయం చేసుకుంటారు. షుగర్ తేలితే మందు రాసే డాక్టర్‌కు ఈ బాధ కూడా చెప్పాలి. ఎందుకంటే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపించి పని చేస్తాయి. వాటితో సరిగ్గా ఈ చోటే ఫంగస్ పెరగవచ్చు.

షుగర్ లేదని తేలినా వెతకడం ఆపకూడదు. లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి ఒకటి ఉంది. అంటువ్యాధి కాదు, మీరు చేసిన తప్పూ కాదు. చర్మం అంచు తెల్లబడి, గట్టిపడి, ఉంగరంలా బిగుస్తుంది. ముదిరితే మూత్రద్వారాన్ని కూడా ఇరుకు చేస్తుంది. అంచున తెల్లని మచ్చ ఉందా, మూత్రం ధార సన్నబడిందా అన్నది మీరే గమనించి డాక్టర్‌కు చెప్పండి. ఇంకొందరికి చర్మం అంతా బాగానే ఉంటుంది, కింది వైపు చర్మాన్ని పట్టి ఉంచే తాడు లాంటి సన్నని మడత పొట్టిగా ఉండి వెనక్కి రానివ్వదు. దానికి ఆ మడతను మాత్రమే సరిచేసే చిన్న ఆపరేషన్ చాలు, చర్మం అంతా తీయక్కర్లేదు. ఈ మూడింటిలో మీది ఏది అన్నది కళ్లతో చూసిన వైద్యుడే చెప్పగలరు. రెండు నిమిషాలు చూసి, షుగర్ మాట కూడా అడగకుండా "ఈరోజే చేసేద్దాం" అన్నచోటి నుంచి లేచి వచ్చేశారు చూశారా, అది భయం వల్లే అయినా మంచి పని చేశారు.

మీ ఉద్యోగం గురించి కూడా నాకో అనుమానం ఉంది. యార్డు చుట్టుపక్కల గాలిలోనే కారం ఉంటుంది. మీరు బస్తాలు మోయకపోయినా శాంపిల్ కాయలు, చీటీలు, పుస్తకాలు అన్నీ చేతికి తగిలేవే. మనం మూత్రానికి వెళ్లొచ్చాక చేతులు కడుక్కుంటాం. మీరు వెళ్లే ముందు కూడా సబ్బుతో కడుక్కోండి. పగిలిన చర్మానికి కాస్త కారం తగిలినా ఎంత మంటో మీకు నేను చెప్పాలా! ఆ భాగాన్ని మాత్రం సబ్బుతో, యాంటీసెప్టిక్ లోషన్‌తో రుద్దకండి. గోరువెచ్చని నీళ్లు చాలు, తర్వాత మెత్తగా తడి అద్దుకోవాలి. ఆ దురద ట్యూబు ఇవాళే ఆపేయండి. షాపుల్లో అడగ్గానే ఇచ్చే అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టీరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. కొన్నాళ్లు రాసి, కొన్నాళ్లు మానేస్తే ఫంగస్ అణిగినట్టే అణిగి మళ్లీ లేస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబును వెంట తీసుకెళ్లండి. మీరు ఇన్నాళ్లు ఏం రాశారో వాళ్లకు తెలియడం అవసరం.

ఇక క్రీమ్ సంగతి. ఆపరేషన్ లేకుండా తగ్గుతుందా అంటే, చాలామందికి తగ్గుతుంది. ముందు ఫంగస్ ఉంటే దాన్ని తగ్గిస్తారు. ఆ తర్వాత బీటామెథసోన్ లాంటి స్టీరాయిడ్ క్రీమ్‌ను బిగుతు ఉన్న ఆ ఉంగరం మీద మాత్రమే, పలుచగా, రోజుకు రెండుసార్లు, 4 నుంచి 8 వారాలు రాయమంటారు. అది వాపును తగ్గించి, చర్మాన్ని పలుచన చేసి, సాగే గుణం తెస్తుంది. స్టీరాయిడ్ అన్న మాట వినగానే బెదిరిపోకండి. వైద్యుడు చూస్తుండగా, ఇంత చిన్న చోట, కొన్ని వారాలు రాస్తే పెద్దగా ప్రమాదం ఉండదు. ఎవరూ చూడకుండా నెలల తరబడి రాస్తేనే చర్మం పాడవుతుంది.

క్రీమ్ ఒక్కటే రాసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. స్నానం చేశాక చర్మం మెత్తగా ఉన్నప్పుడు మెల్లగా వెనక్కి జరపాలి. బిగుతు తెలియాలి, నొప్పి పుట్టకూడదు. అలా కొన్ని నిమిషాలు పట్టి ఉంచి వదలాలి, రోజూ చేయాలి. ఆ వీడియో చూసి మీరు చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రక్తం వచ్చిందంటే కొత్త మచ్చకు దారి వేసినట్టే. కొబ్బరినూనె జారుడు కోసం పనికొస్తుంది, బిగుతును విప్పే శక్తి దానికి లేదు. ఇంకో సంగతి, చర్మం బాగా వెనక్కి రావడం మొదలయ్యాక కూడా రోజూ స్నానంలో జరిపి శుభ్రం చేసుకునే అలవాటు మానకూడదు. మానేస్తే కొందరికి మళ్లీ బిగుస్తుంది.

తెల్లని గట్టి మచ్చ కట్టేసి ఉంటే మాత్రం క్రీమ్ మీద పెద్దగా ఆశ పెట్టుకోలేం. లైకెన్ స్క్లెరోసస్ అయితే ఇంకా బలమైన క్లోబెటాసోల్ క్రీమ్‌తో మొదట ప్రయత్నిస్తారు. దానికి లొంగకపోతే చర్మం తీసేయడమే మేలంటారు. తీసిన ముక్కను పరీక్షకు పంపించమని మీరే అడగండి. చాలా ఏళ్లు ఈ బిగుతును అలాగే వదిలేసినవాళ్లకు అంగానికి క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత ఎక్కువ. అది అరుదైన జబ్బే, ఏడాదిన్నరకు మీరు దాని గురించి నిద్ర చెడగొట్టుకోవద్దు. కానీ మానని పుండు, గడ్డ, రక్తం కారడం ఎప్పుడు కనిపించినా ఆలస్యం చేయకూడదు.

ఆపరేషన్ దాకా వస్తే రెండు దారులు. మచ్చ పెద్దగా లేనివాళ్లకు బిగుతు ఉన్నచోట నిలువుగా చిన్న గాటు పెట్టి, దాన్ని అడ్డంగా కుట్టే పద్ధతి ఉంది. ప్రిప్యూషియోప్లాస్టీ అంటారు. చర్మం మిగులుతుంది, తొందరగా కోలుకుంటారు. మళ్లీ బిగిసే అవకాశమూ మిగులుతుంది. అందరు సర్జన్లూ దీన్ని చేయరు కాబట్టి అడిగి తెలుసుకోవాలి. రెండోది పూర్తిగా తీసేయడం, అంటే సున్తీ. మళ్లీ బిగుసుకోవడం అన్నది దాదాపు ఉండదు. కానీ ఒకసారి తీసేశాక తిరిగి రాదు. మొదటి వారాల్లో లోపలి భాగం బట్టకు తగిలి జివ్వుమంటుంది, తర్వాత అలవాటవుతుంది. స్పర్శలో తేడా కొందరికి తెలుస్తుంది, కొందరికి తెలియదు. మగతనం తగ్గదు, వీర్యానికీ ఏమీ కాదు. పిల్లల గురించి అడిగారు కదా, అసలు ఈ బిగుతు వల్ల కూడా వీర్యకణాలకు వచ్చే నష్టం లేదు. నొప్పి వల్ల కలయిక కష్టమవుతుంది, అంతే.

లేజర్, స్టేప్లర్ (కోస్తూనే పిన్నులు వేసే పరికరం) అన్న పేర్లు చూసి డబ్బు కుమ్మరించకండి. బ్లేడుతో తీసినా, లేజర్‌తో తీసినా పోయేది అదే చర్మం. స్టేప్లర్‌తో పని తొందరగా అవుతుంది, రక్తం తక్కువ పోతుంది, ఖర్చు ఎక్కువ. దాని పిన్నులు వాటంతట అవే రాలాలి, కొన్ని మిగిలిపోతే తీయించుకోవాల్సి వస్తుంది. ఏ పద్ధతి అన్నదాని కంటే ఎవరు చేస్తున్నారు, తర్వాత అనుమానం వస్తే ఫోన్ ఎత్తుతారా అన్నది నేనైతే ముందు చూస్తాను. మామూలుగా అక్కడికి మాత్రమే మత్తు ఇచ్చి గానీ, నడుముకి ఇంజెక్షన్ ఇచ్చి గానీ చేస్తారు, చాలామంది ఆ రోజే ఇంటికి వస్తారు. కుట్లు రెండు మూడు వారాల్లో కరిగి రాలిపోతాయి.

మీ స్నేహితుడు మీకు మంచే కోరాడు. అయితే పది రోజుల లెక్క చిన్నపిల్లలకు. పెద్దవాళ్లకు తెల్లవారుజామున అంగం గట్టిపడి కుట్లు లాగుతాయి, కొన్నాళ్లు వాపు ఉంటుంది. కలయికకు, హస్తప్రయోగానికి 4 నుంచి 6 వారాలు దూరంగా ఉండాలి. బండి మీద గతుకుల్లో తిరగడం మొదటి వారమైనా మానుకోవాలి. షుగర్ అదుపులో లేకుండా కోస్తే గాయం మానడం ఇంకా ఆలస్యం, చీము పట్టే భయం. మొదట షుగర్ చూపించుకోమని ఇంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

"మేం అలాంటివి చేయించుకునేవాళ్లం కాదు" అన్నారు. మీ స్నేహితుడి ఇంట్లో అది విశ్వాసం, వాళ్లకది పవిత్రమైనది. మీకు అవసరమైతే అది వైద్యం. అపెండిక్స్ తీయించుకున్నట్టే. ఏ మతం వాళ్లకైనా సర్జన్లు రోజూ చేస్తూనే ఉంటారు.

ఇప్పుడు వారాలు లెక్కేసుకుందాం. ఈ వారం పరీక్షలు. తర్వాత 6 వారాలు క్రీమ్. ఏడో వారానికి తేడా తెలిసిపోతుంది. బాగుంటే పెళ్లికి ఏ అడ్డూ లేదు. లేదంటే ఎనిమిదో వారంలో ఆపరేషన్, పద్నాలుగో వారానికి గాయం మానుతుంది. ముహూర్తం పదిహేనో వారం. కుదిరేలాగే ఉంది, కానీ మరీ అంచున ఉంది. కాబట్టి పెళ్లి వాయిదా గురించి ఇవాళ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. ముహూర్తానికి మూడు వారాల ముందు హడావిడిగా ఆపరేషన్ చేయించుకోవడం ఒక్కటి మాత్రం వద్దు. అంత కంటే పెళ్లి చేసుకుని, కొన్నాళ్లు ఆగి, తీరిగ్గా చేయించుకోవడం నయం. కానీ ఆ దారిలో వెళ్లాలంటే ఆ అమ్మాయికి తెలిసి ఉండాలి.

ఆమెకు చెప్పాలా అన్నది మీ ఇద్దరి మధ్య ఇప్పటికి ఎంత చనువు ఏర్పడిందో చూసి మీరే తేల్చుకోవాలి. చెప్పకుండా ఉంటే, క్రీమ్‌తో తగ్గిపోయిన పక్షంలో ఏ గొడవా లేదు. తగ్గకపోతే, మొదటి రాత్రి మీరు నొప్పితో వెనక్కి తగ్గుతారు. కారణం తెలియని అమ్మాయి, నేను నచ్చలేదేమో అనుకుంటుంది. ఆ మాట మనసులో పడితే తీయడం చాలా కష్టం. చెబితే మొదట ఇద్దరికీ సిగ్గుగానే ఉంటుంది. కొందరు అమ్మాయిలు ఇంట్లో చెప్పేయవచ్చు కూడా, ఆ సంగతీ ముందే అనుకోండి. నా మనసు చెప్పమనే వైపే ఉంది. వివరాలన్నీ అక్కర్లేదు. "నాకు చర్మానికి సంబంధించిన చిన్న ఇబ్బంది ఉంది, వైద్యం జరుగుతోంది, మనం కొన్నాళ్లు నిదానంగా ఉండాల్సి రావచ్చు" అంటే సరిపోతుంది. ఫంగస్ ఉందని తేలితే అది తగ్గాకే దగ్గరవ్వాలి, లేకపోతే ఆమెకూ దురద పట్టుకోవచ్చు.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలో కూడా మీరు రాసిన మాటలోనే దొరికింది. "నాన్నా, నాకూ ఒకసారి షుగర్ చూపించుకోవాలి, నువ్వు చూపించుకునే చోటికి నన్నూ తీసుకెళ్లు" అనండి. షుగర్‌తో బతుకుతున్న మనిషి కొడుకు ఈ మాట అంటే కంగారు కంటే ముందు దారి చూపిస్తారు. మిగతాది ఆయనకు చెప్పాలో వద్దో తర్వాత ఆలోచించుకోవచ్చు.

విజయవాడ దాకా పోనక్కర్లేదు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో యూరాలజీ, అంటే మూత్రసంబంధ జబ్బులు చూసే విభాగం ఉంది, చర్మవ్యాధుల విభాగమూ ఉంది. పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకుని వెళ్లొచ్చు. ప్రైవేటుగా అయితే కొత్తపేటలో యూరాలజిస్టులు ఉన్నారు. ఆపరేషన్ అన్నాక ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీకు వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి. ఇద్దరు డాక్టర్లను అడిగి నిర్ణయించుకున్నా తప్పు లేదు, మీకు ఆ టైమ్ ఉంది.

ఒక్క సందర్భంలో మాత్రం టైమ్ ఉండదు. చర్మాన్ని సాగదీసేటప్పుడు వెనక్కి వెళ్లి అక్కడే ఇరుక్కుని, ముందుకు రాకుండా కొన వాచిపోవచ్చు. పారాఫైమోసిస్ అంటారు. రక్తం ఆడక కొన భాగం దెబ్బతినే ప్రమాదం ఉంది. వాచిన భాగాన్ని గుప్పిటలో పట్టుకుని కొన్ని నిమిషాలు నిదానంగా నొక్కి వాపు తగ్గించి, చర్మాన్ని ముందుకు తెచ్చే ప్రయత్నం చేయండి. రాకపోతే అర్ధరాత్రైనా సరే క్యాజువాలిటీకి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు. అందుకే సాగదీసిన ప్రతిసారీ, కడుక్కున్న ప్రతిసారీ చర్మాన్ని తిరిగి ముందుకు తెచ్చేయండి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా అంతే, వెంటనే వెళ్లాలి.

డాక్టర్ ఎదురుగా కూర్చున్నాక నోట మాట రాకపోవచ్చు. నా ఓపీలో అలా పది నిమిషాలు తలనొప్పి గురించి మాట్లాడి, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి అసలు సంగతి చెప్పినవాళ్లు ఎందరో. మీరు నాకు చాలా వివరంగా రాశారు. ఎప్పటి నుంచి, ఎంతవరకు వస్తుంది, ఏం రాశారు, ఎప్పుడు రక్తం వచ్చింది, నాన్నకు ఏముంది, అన్నీ అందులో ఉన్నాయి. అదే ఉత్తరం ఇంకో కాగితం మీద రాసుకుని, మడిచి జేబులో పెట్టుకెళ్లండి. మాట రాకపోతే ఆ కాగితం డాక్టర్ చేతికి ఇవ్వండి.